పిల్లలతో ఆర్కెస్ట్రా కచేరీకి: బోస్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో, ఆక్టన్, బర్లింగ్టన్, కాస్త పైకి వెళ్తే నాషువా. ఈ ఊళ్లలో ఉండే మన తెలుగువాళ్లం పిల్లల్ని స్విమ్మింగ్‌కి, కూచిపూడికి, మ్యాథ్ క్లాసుకి వారమంతా తిప్పుతూనే ఉంటాం. గంట దూరంలో ప్రపంచంలోని పేరున్న ఆర్కెస్ట్రాల్లో ఒకటైన బోస్టన్ సింఫనీ ఉంది. అయినా అటు వెళ్లేవాళ్లు తక్కువే. "మనకేం అర్థమవుతుంది", "మావాడు రెండు గంటలు కుదురుగా కూర్చుంటాడా", "టికెట్లు మండిపోతాయట" అంటుంటారు. మేం పిల్లలతో కొన్నేళ్లుగా వెళ్తున్నాం కాబట్టి స్నేహితులు ఫోన్ చేసి మరీ అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఎన్నేళ్ల పిల్లల్ని తీసుకెళ్లొచ్చు?

పిల్లల కోసమే పెట్టే ఫ్యామిలీ కచేరీలకు మూడు, నాలుగేళ్ల వాళ్లు కూడా వస్తారు. అవి గంటలోపే అయిపోతాయి. మధ్యలో ఎవరో ఒకరు మైకు పట్టుకుని వాయిద్యాల గురించి చెప్తారు, పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తారు. బోస్టన్ సింఫనీలో ఈ యూత్ కచేరీలను 1959లో మొదలుపెట్టింది అదే ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించిన హ్యారీ ఎలిస్ డిక్సన్. అంటే ఇక్కడ పిల్లల కచేరీ కొత్త ముచ్చటేం కాదు. ఇప్పటి తాతలు కూడా చిన్నప్పుడు స్కూలు బస్సుల్లో ఆ ఆర్కెస్ట్రా వాయించే సింఫనీ హాలుకి వెళ్లొచ్చినవాళ్లే.

రాత్రిపూట జరిగే మామూలు కచేరీకి మాత్రం ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఆగితే మంచిది. అక్కడ ఒక్కో భాగం పది పదిహేను నిమిషాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువసేపు నడుస్తుంది. అంతసేపూ హాలంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం పిల్లల కంటే పక్కన కూర్చున్న అమ్మానాన్నలకే ఎక్కువ టెన్షన్. వయసు నిబంధన కచేరీని బట్టి మారుతుంది, టికెట్ పేజీలో రాసి ఉంటుంది. కొనేముందు తప్పకుండా చూడండి.

మాకే ఈ సంగీతం తెలియదు. పిల్లలకేం చెప్తాం?

ఏమీ చెప్పక్కర్లేదు. చూపిస్తే చాలు.

ఇన్నేళ్లలో నాకు బాగా నమ్మకం కుదిరిన సంగతి ఒకటే: పిల్లలు ఆర్కెస్ట్రాని ముందు కళ్లతో వింటారు. సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం భాగాలుగా రాసిన పెద్ద రచన) అంటే ఏంటో, ఎన్ని భాగాలుంటాయో వాళ్లకి అనవసరం. సుమారు వంద మంది పెద్దవాళ్లు నల్ల బట్టల్లో కూర్చుని ఉన్నారు. వాళ్లని నడిపించే కండక్టర్, ఒకావిడ, గాల్లో చెయ్యి లేపగానే అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. ట్యూబా అనే అంత పెద్ద ఇత్తడి బూర పట్టుకున్నాయన ఇరవై నిమిషాలుగా వాయించకుండా ఎందుకు కూర్చున్నాడు? వయొలిన్ల కమానులన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి ఎలా వెళ్తున్నాయి? పిల్లలకి ఇలాంటి ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. జవాబు తెలియకపోతే "ఏమో, ఇంటికెళ్లాక ఇద్దరం చూద్దాం" అనండి. కచేరీ జరుగుతున్నప్పుడు చెవిలో పాఠాలు చెప్పకండి. దానివల్ల పిల్లాడూ వినలేడు, మీరూ వినలేరు, ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదా? ఇంత దూరం ఎందుకు?

ఒకసారి సింఫనీ హాల్లో మా అబ్బాయి చెవిలో అడిగాడు, "మైకులు ఎక్కడున్నాయి?" అని. లేవు. ఉంటే రికార్డింగ్ కోసం పైనుంచి వేలాడే చిన్న మైకులే. మీకు వినపడేదంతా చెక్క, తీగ, ఇత్తడి, చర్మం నుంచి నేరుగా వచ్చే ధ్వని. మన దగ్గర గుళ్లో భజన నుంచి పెళ్లిలో సన్నాయి దాకా అన్నీ స్పీకర్లలోంచే వినడం అలవాటైపోయింది. పిల్లలైతే సంగీతమంటే ఫోన్లోంచో కార్లోంచో వచ్చేది అనుకుంటారు. స్పీకరే లేని చోట వంద మంది వాయిస్తే ఆ ధ్వని కింద చెక్క నేలలోంచి అరికాళ్లకి తెలుస్తుంది. డబుల్ బాస్‌లు (నిలబెట్టి వాయించే, వయొలిన్ ఆకారంలో ఉండే పెద్ద వాయిద్యాలు) వాయిస్తున్నప్పుడు కుర్చీ చేతి మీద చెయ్యి పెట్టి చూడమనండి.

ఆ హాలుకీ ఒక కథ ఉంది. 1900 అక్టోబర్‌లో తెరిచారు. కట్టేముందు హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుణ్ణి పిలిచి, ధ్వని ఎక్కడ తగిలి ఎలా తిరిగొస్తుందో లెక్కలు కట్టించారు. అలా శాస్త్రీయంగా లెక్క వేసి కట్టిన మొదటి కచేరీ హాలు ఇదేనంటారు. అందుకే ఇప్పటికీ ప్రపంచంలో ధ్వని బాగుండే హాళ్ల పేర్లు చెప్పమంటే దీని పేరు వస్తుంది. సైన్స్ ఇష్టపడే పిల్లలకి ఈ ఒక్క సంగతి ముందే చెప్పి తీసుకెళ్లొచ్చు.

ఇంకొకటి కూడా వీడియోలో కనపడదు. కెమెరా ఎప్పుడూ వాయిస్తున్నవాళ్లనే చూపిస్తుంది. హాల్లో ఎవరిని చూడాలో పిల్లలే తేల్చుకుంటారు. వెనకాల నాలుగు పెద్ద రాగి గిన్నెల్లాంటి డ్రమ్ములుంటాయి, టింపనీ అంటారు. మిగతావాళ్లు వాయిస్తుండగా టింపనీ ఆయన వంగి, చెవి డ్రమ్ముకి ఆనించి, వేలితో మెల్లగా తట్టి చూసుకుంటాడు. తర్వాత వచ్చే చోటికి శ్రుతి మార్చుకోవడం అది. ఎవరికీ వినపడకుండా చేసే పని. మా పిల్లలు ఆ కచేరీలో అందరికంటే ఎక్కువసేపు చూసింది ఆయన్నే.

మొదటి కచేరీకి ఏది ఎంచుకోవాలి?

ఏ ఆర్కెస్ట్రా అన్నదానికంటే ఆ రోజు ఏం వాయిస్తున్నారన్నదే ముఖ్యం. ప్రోగ్రాంలో ఈ పేర్లు కనిపిస్తే వెళ్లండి.

ప్రకోఫియెవ్ రాసిన "పీటర్ అండ్ ద వుల్ఫ్". 1936లో మాస్కోలో పిల్లల థియేటర్ కోసం రాసింది, అరగంటలోపే అయిపోతుంది. ఒకరు కథ చెప్తుంటే ఆర్కెస్ట్రా నటిస్తుంది. పిట్టకి ఫ్లూట్, బాతుకి ఓబో (సన్నాయి లాంటిది), పిల్లికి క్లారినెట్, తాతయ్యకి బసూన్, తోడేలుకి మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, పీటర్‌కి వయొలిన్లూ మిగతా తీగ వాయిద్యాలూ. తోడేలు బాతుని మింగేస్తుంది. చివర్లో అందరూ ఊరేగింపుగా వెళ్తున్నప్పుడు తోడేలు కడుపులోంచి ఓబో సన్నగా వినిపిస్తుంది. బాతు ఇంకా బతికే ఉందన్నమాట. అది ఎవరూ చెప్పకుండా కనిపెట్టిన పిల్ల మొహం చూడాలి. బోస్టన్‌కి ఈ కథతో సంబంధం ఉంది. అమెరికాలో దీన్ని మొదటిసారి వినిపించింది 1938లో ఇక్కడే, బోస్టన్ సింఫనీతో, ప్రకోఫియెవే స్వయంగా నడిపించాడు.

బెంజమిన్ బ్రిటెన్ అనే స్వరకర్త రాసిన, 1946లో ఇంగ్లండ్‌లో మొదటిసారి వినిపించిన "యంగ్ పర్సన్స్ గైడ్ టు ది ఆర్కెస్ట్రా" పదిహేడు పద్ధెనిమిది నిమిషాలు ఉంటుంది. పర్సెల్ అనే పాతకాలపు స్వరకర్త ట్యూన్ ఒకటి తీసుకుని ఒక్కో వాయిద్యానికీ వంతులేసి ఇచ్చాడు. చివర్లో పికొలో అనే చిన్న ఫ్లూట్‌తో మొదలై ఒకరి తర్వాత ఒకరు పరుగున వచ్చి చేరతారు. అందరూ చేరాక ఆ హడావిడి మీద ఇత్తడి వాయిద్యాలు మొదటి ట్యూన్‌ని ఎత్తుకుంటాయి.

రవెల్ "బోలెరో" పదిహేను నిమిషాలు. పిల్లలకి ఇది నా మొదటి ఓటు. మొదట్నుంచి చివరిదాకా స్నేర్ డ్రమ్ మీద అదే దరువు, ముందు వినీ వినపడనట్టు, చివరికి హాలు అదిరేట్టు. పైన ట్యూన్ ఫ్లూట్ నుంచి క్లారినెట్‌కి, అక్కణ్ణుంచి బసూన్‌కి అలా చేతులు మారుతుంది. "ఇప్పుడెవరి దగ్గరుందో కనిపెట్టు" అంటే చాలు, పిల్లలు ముందుకి వంగి కూర్చుంటారు.

సెయింట్-సాన్స్ "కార్నివల్ ఆఫ్ ది యానిమల్స్"లో ఏనుగు డబుల్ బాస్ మీద డాన్స్ చేస్తుంది, హంస చెల్లో (వయొలిన్ కంటే పెద్దది, కూర్చుని ముందు నిలబెట్టుకుని వాయిస్తారు) మీద తేలుతూ వస్తుంది. హైడన్ "సర్‌ప్రైజ్" సింఫనీ అయితే రెండో భాగం మొదట్లో మెల్లగా వస్తూ వస్తూ ఢామ్మని ఒక్క దెబ్బ పడుతుంది. పక్కన నిద్రపోయేవాళ్లుంటే లేవాల్సిందే.

మొదటిసారికి వద్దనేవి కూడా చెప్తాను. గంటకి పైగా సాగే మాలర్, బ్రూక్నర్ సింఫనీలు గొప్పవే, కానీ ఆరేళ్ల పిల్లకి శిక్ష. వాటికి ఇంకా బోలెడు టైముంది.

ఇంట్లో ముందే వినిపించాలా?

ఒక్కసారి, అదీ కొంచెమే. కార్లో వెళ్తూ అయిదు నిమిషాలు వింటే హాల్లో ఆ ట్యూన్ రాగానే "ఇది నాకు తెలుసు" అని కళ్లు పెద్దవవుతాయి. వారం రోజులు రోజూ వినిపిస్తే మాత్రం అది హోంవర్క్ అయిపోతుంది.

కాస్త పెద్ద పిల్లలకైతే పేరున్న కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టీన్ 1958 నుంచి 1972 దాకా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో టీవీలో చేసిన యంగ్ పీపుల్స్ కాన్సర్ట్స్‌లోంచి ఒక పది నిమిషాలు చూపించొచ్చు. బ్లాక్ అండ్ వైట్ అని మొదట మొహం చిట్లించినా, ఆయన మాట్లాడే తీరుకి ఆగిపోతారు. ఆయన పుట్టింది మనకి దగ్గర్లోనే, లారెన్స్‌లో.

మా పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు. ఇది వింటే తికమక పడరా?

పడరు. పైగా వాళ్లకే ఎక్కువ తెలుస్తుంది. ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆర్కెస్ట్రాలో ముందు వరుసల్లో కనిపించే వయొలినే మన కచేరీల్లో పక్కవాద్యం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరంలో కూర్చుని దేశమంతా వినేలా వాయించింది ఆ వాయిద్యమే. దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకునే పేరు బాలుస్వామి దీక్షితర్, ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు. ఇక ముత్తుస్వామి దీక్షితర్ ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు, నొట్టుస్వరాలంటారు. మీ పిల్లలు బహుశా మొదటి ఏడాదిలోనే "శ్యామలే మీనాక్షి" నేర్చుకుని ఉంటారు. అది "ట్వింకిల్ ట్వింకిల్" ట్యూనే. "సంతతం పాహిమాం" అయితే బ్రిటిష్ జాతీయగీతం. ఈ రెండు సంగీతాలూ రెండు వందల ఏళ్ల క్రితమే పలకరించుకున్నాయి.

తేడాలు వాళ్లే పట్టుకుంటారు. మన విద్వాంసులు కింద కూర్చుని వయొలిన్ తలని పాదం మీద ఆనించుకుంటారు, ఇక్కడ గడ్డం కింద పెట్టుకుని కుర్చీలో కూర్చుంటారు. మన దగ్గర గమకం లేనిదే రాగం లేదు, ఇక్కడ స్వరం చాలాసార్లు తిన్నగా నిలబడుతుంది. దాని బదులు ఒకేసారి నాలుగైదు వేర్వేరు వరుసలు కలిసి నడుస్తాయి. "కింద చెల్లోలు ఏం వాయిస్తున్నాయి, అది పైవాళ్ల పాటేనా?" అని ఒక్క ప్రశ్న వేసి వదిలేయండి. కచేరీకి ముందు ఓబో ఒక స్వరం పట్టి నిలబెడితే అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. తంబూర ముందు కూర్చునే పిల్లలకి అదేంటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. తాళం వేసే అలవాటున్న పిల్లలు తొడ మీద టపటపా కొట్టడం మొదలుపెడతారు. మన సభల్లో అది మామూలే, ఇక్కడ పక్కవాళ్లకి ఇబ్బంది. వేళ్లతో చప్పుడు కాకుండా లెక్కపెట్టుకోమని ముందే చెప్పండి. అలాగే బాగా నచ్చినప్పుడు మధ్యలో "భళా" అనడం కూడా కుదరదు.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

కండక్టర్ చేతులు పూర్తిగా కిందికి దించి మనవైపు తిరిగినప్పుడు. సింఫనీ మధ్యలో భాగానికీ భాగానికీ నడుమ ఆగుతారు, అప్పుడు కొట్టరు. మీ పిల్లాడు కొట్టేస్తే ప్రపంచం మునిగిపోదు, చెయ్యి పట్టుకుని నవ్వండి చాలు. 1778లో పారిస్‌లో మొత్సార్ట్ కొత్త సింఫనీ వాయిస్తుంటే జనం మధ్యలోనే చప్పట్లు కొట్టారు. అలా కొడతారని ముందే తెలిసి ఆ చోటు రాసుకున్నానని ఆయన సంతోషంగా తండ్రికి ఉత్తరం రాశాడు. ఈ నిశ్శబ్దం ఆచారం తర్వాత వచ్చింది.

సింఫనీ హాల్లో ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

ఎంత ముందైతే అంత మంచిదనుకుని చాలామంది కింద మొదటి వరుసలు కొంటారు. స్టేజీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి అక్కణ్ణుంచి పిల్లలకి కనిపించేది వయొలిన్ వాళ్ల బూట్లు. కాస్త వెనక్కి వెళ్తే ముందున్న పెద్దవాళ్ల తలలు అడ్డు. పిల్లలతో అయితే బాల్కనీయే నయం. పైనుంచి ఆర్కెస్ట్రా మొత్తం పరుచుకుని కనిపిస్తుంది, టింపనీ, ట్రాంబోన్‌లు, హార్ప్ అన్నీ. ఆ హాలుకి రెండు బాల్కనీలు మూడు వైపులా ఉంటాయి. పక్క బాల్కనీల్లో కొన్ని సీట్ల నుంచి స్టేజీ సగమే కనపడుతుంది. బుక్ చేసేటప్పుడు ఆ మాట రాసి ఉందేమో చూసుకోండి. వీలైతే వరుస చివర సీటు తీసుకోండి, మధ్యలో బయటికి వెళ్లాల్సి వస్తే సులువు.

అరగంట ముందే వెళ్తే పిల్లలకి హాలు చూపించొచ్చు. గోడల పైభాగంలో 16 గ్రీకు, రోమన్ విగ్రహాల నకళ్లు ఉంటాయి, లెక్కపెట్టమనండి. స్టేజీ చుట్టూ ఫలకాలు చాలా ఉన్నా పేరు చెక్కింది ఒక్క దాని మీదే. ఎవరి పేరో వెతకమనండి. (బీథోవెన్. చెప్పేయకండి.)

ఎలా వెళ్లాలి?

ఆ చుట్టుపక్కల పార్కింగ్ గరాజీలకి టికెట్ అంత ఖర్చవుతుంది. పడమటి వైపు నుంచి వచ్చేవాళ్లు రివర్‌సైడ్ స్టేషన్‌లో కారు పెట్టి గ్రీన్ లైన్ రైలు ఎక్కి, మధ్యలో ఇ బ్రాంచ్‌కి మారితే సింఫనీ అనే స్టేషనే ఉంది. మెట్లు ఇబ్బందైతే ఆరెంజ్ లైన్‌లో మసాచుసెట్స్ అవెన్యూ స్టేషన్‌లో దిగి కొద్ది నిమిషాలు నడవొచ్చు. 11 ఏళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్లతో ఉంటే రైలు టికెట్ లేదు. మా చిన్నదానికి ఆ రోజు కచేరీ ఎంతో రైలూ అంతే.

మధ్యలో ఏడిస్తే? వెళ్లిపోదామంటే?

వెళ్లిపోండి. ఇంటర్వెల్‌లో అయితే మరీ హాయి. డబ్బులు దండగయ్యాయని చివరిదాకా కూర్చోబెడితే పిల్లలకి గుర్తుండేది సంగీతం కాదు, అమ్మ కోపం. సగం కచేరీ బాగా వినడం పూర్తి కచేరీ కన్నా నయం. వెళ్లేముందే మీరిద్దరూ అనుకోండి, అవసరమైతే ఎవరు బయటికి తీసుకెళ్తారు, ఎవరు కూర్చుంటారు అని. వాయిస్తుండగా లేవకుండా ఒక భాగం ముగిసేదాకా ఆగి లేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

టాంగిల్‌వుడ్ అంటారు, అదేంటి? పిల్లలతో వెళ్లొచ్చా?

తప్పకుండా వెళ్లండి. కుటుంబమంతా కలిసి వెళ్లడానికి మసాచుసెట్స్‌లో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

రాష్ట్రానికి పడమటి చివర బెర్క్‌షైర్ కొండల్లో లెనాక్స్ అనే ఊరి దగ్గరుంది. బోస్టన్ నుంచి రెండున్నర గంటల డ్రైవ్, ష్రూస్‌బరీ వైపు నుంచి ఇంకా తక్కువ. బోస్టన్ సింఫనీ వేసవంతా అక్కడే ఉంటుంది. 1937 వేసవిలో పెద్ద టెంటు కింద వాగ్నర్ సంగీతం వాయిస్తుంటే గాలివాన వచ్చి కచేరీ ఆగిపోయింది. ఆ రోజే అక్కడికక్కడ చందాలు మొదలయ్యాయి, మరుసటి ఏడాదికల్లా షెడ్ లేచింది. షెడ్ అంటే రేకుల షెడ్డు అనుకునేరు. పక్కలకి గోడల్లేకుండా దాదాపు అయిదు వేల మంది కూర్చునే పెద్ద మంటపం అది. దాని చుట్టూ విశాలమైన లాన్.

లాన్ టికెట్ తక్కువ. పైగా 17 ఏళ్లలోపు పిల్లలకి లాన్ మీద ఉచితంగా ఇవ్వడం చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి. వెళ్లేముందు ఆ ఏడాది వివరాలు చూసుకోండి. అయిదేళ్లలోపు పిల్లలతో షెడ్ లోపలికి పంపరు, లాన్ వెనక భాగంలో కూర్చోమంటారు. అక్కడ పిల్లలు దొర్లినా, లేచి తిరిగినా పట్టించుకునేవాళ్లుండరు. భోజనం తీసుకెళ్లొచ్చు. మేం పులిహోర, పెరుగన్నం, ఆవకాయ డబ్బా, రెండు దుప్పట్లు పట్టుకెళ్తాం. పక్కన ఒకరు కొవ్వొత్తులు, గాజు గ్లాసులు పెట్టుకుని బల్ల సర్దుకుంటుంటే, మన పులిహోర వాసనకి అటువైపు నుంచి పలకరింపులు మొదలవుతాయి.

ఒక విషయం ముందే తెలుసుకోండి. లాన్ మీదకి సంగీతం స్పీకర్లలోంచి వస్తుంది, స్టేజీ దూరంగా ఉంటుంది. పైన నేను చెప్పిన కళ్లతో వినడం అక్కడ కుదరదు. అందుకని కచేరీకి ముందో ఇంటర్వెల్‌లోనో పిల్లల్ని షెడ్ అంచుదాకా నడిపించి తీసుకెళ్లి స్టేజీ చూపించండి. శనివారం పొద్దున్న జరిగే రిహార్సల్‌కి టికెట్లుంటాయి. కాస్త పెద్ద పిల్లలకి అది బంగారం. కండక్టర్ ఆపి, "ఇక్కణ్ణుంచి మళ్లీ" అంటాడు. అంత పెద్ద కళాకారులు కూడా ఒకే నాలుగు గీతలు మళ్లీ మళ్లీ వాయించడం చూస్తే, ఇంట్లో ప్రాక్టీసు చెయ్యమని మనం ఇంక గొంతు చించుకోనక్కర్లేదు. రాత్రి డ్రైవ్ వద్దనుకుంటే ఆదివారం మధ్యాహ్నం కచేరీకి వెళ్లండి.

ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్లని కూడా తీసుకెళ్లొచ్చా?

వేసవిలో వచ్చే అమ్మమ్మలకి, తాతయ్యలకి ఇక్కడ రోజు గడవడమే కష్టం. కచేరీకి భాష అక్కర్లేదు. ఇళయరాజా పాటల్లో వయొలిన్లు వింటూ పెరిగిన తరం వాళ్లది. ఆ వయొలిన్ల గుంపు ఎదురుగా వాయిస్తుంటే చూడటం వాళ్లకి పిల్లలకంటే పెద్ద సంబరం. ఆయన 2025 మార్చిలో లండన్‌లో తన సింఫనీ వినిపించినప్పుడు ఇక్కడి ఇళ్లలో ఎన్ని వాట్సాప్ మెసేజీలు తిరిగాయో మీకు తెలుసు. టాంగిల్‌వుడ్‌కైతే వీపు ఆనే మడత కుర్చీలు పట్టుకెళ్లండి, కింద కూర్చుని లేవడం కష్టం. జులైలో కూడా పొద్దు గుంకాక కొండల్లో చలి వేస్తుంది, స్వెట్టర్ మర్చిపోకండి.

డబ్బు పెట్టకుండా వినే వీలుందా?

చాలా ఉంది. వేసవిలో బుధవారం సాయంత్రాలు చార్ల్స్ నది ఒడ్డున హ్యాచ్ షెల్ అనే ఆరుబయట స్టేజీ మీద బోస్టన్ ల్యాండ్‌మార్క్స్ ఆర్కెస్ట్రా ఉచితంగా వాయిస్తుంది. న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల విద్యార్థుల కచేరీలు ఎక్కువ భాగం ఉచితం, అవి జరిగే జోర్డన్ హాల్ చూడ్డానికే వెళ్లొచ్చు. యూత్ ఆర్కెస్ట్రాల కచేరీలకి టికెట్ తక్కువే. వాటిని నేను ప్రత్యేకంగా చెప్తాను. పదేళ్ల పిల్లకి అరవై ఏళ్ల ఆయన వాయిస్తే అది పెద్దవాళ్ల సంగతి. పదిహేనేళ్ల అమ్మాయి స్టేజీ మీద చెల్లో పట్టుకుని కూర్చుంటే "నేనూ చెయ్యొచ్చు" అనిపిస్తుంది. ఆ వరుసల్లో మన పిల్లల మొహాలు కూడా కనిపిస్తాయి.

జులై 4న ఎస్ప్లనేడ్‌లో బోస్టన్ పాప్స్‌కి వెళ్దామా?

బోస్టన్ పాప్స్ అంటే ఎక్కువగా బోస్టన్ సింఫనీవాళ్లే తేలికైన, జనానికి తెలిసిన సంగీతం వాయించే ఆర్కెస్ట్రా. నది ఒడ్డున ఉచిత కచేరీలు, తర్వాత ఆ పాప్స్‌ని చాలా ఏళ్లు నడిపించిన ఆర్థర్ ఫీడ్లర్ 1929లో మొదలుపెట్టాడు. 1974 నుంచి చైకోవ్‌స్కీ రాసిన "1812" అనే రచన చివర్లో నిజం ఫిరంగులు పేలుస్తారు, బాణసంచా కాలుస్తారు. పెద్ద వేడుక, జీవితంలో ఒకసారి చూడాలి. కానీ చిన్నపిల్లల మొదటి కచేరీకి వద్దు. గంటల తరబడి ఎండ, జనం, సెక్యూరిటీ లైన్లు. ఆర్కెస్ట్రా కనపడేది కొద్దిమందికే.

మా బాబుకి పెద్ద శబ్దాలంటే భయం. ఏం చెయ్యాలి?

చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్ లాంటి మఫ్స్ దొరుకుతాయి, అవి పట్టుకెళ్లండి. ఎవరూ వింతగా చూడరు. కొన్ని కచేరీలకి "రిలాక్స్‌డ్" అనో "సెన్సరీ ఫ్రెండ్లీ" అనో రాసి ఉంటుంది. వాటిలో లైట్లు పూర్తిగా ఆర్పరు, లేచి తిరగొచ్చు, మాట్లాడొచ్చు, బయట నిశ్శబ్దంగా ఉండే గది ఒకటి పెడతారు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముందు వీటి కోసం చూడండి. మామూలు కచేరీకైనా బాక్సాఫీసుకి ఫోన్ చేసి విషయం చెప్తే ఏ సీటు నయమో చెప్తారు.

సినిమా వేసి ఆర్కెస్ట్రా వాయించేవి చూస్తే సరిపోతుందా?

అవి కూడా మంచి కచేరీలే. బోస్టన్ పాప్స్‌కి హాలీవుడ్ సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ 1980 నుంచి 1993 దాకా కండక్టర్, సినిమా సంగీతానికి ఇక్కడ గౌరవం ఎక్కువ. మన "బాహుబలి"ని 2019లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో తెర మీద వేసి లైవ్ ఆర్కెస్ట్రాతో వినిపించారు. హాల్లో తెలుగు సినిమా ఆడటం చూసి ఎంత గర్వపడ్డామో. అయితే తెర ఉంటే పిల్లల కళ్లు తెర మీదే ఉంటాయి, కింద వంద మంది ఉన్నారన్న సంగతే మర్చిపోతారు. అందుకే మొదటిసారికి తెర లేనిదే చూపిస్తాను.

బట్టలు, తిండి?

పట్టుచీర కట్టుకోవచ్చు, జీన్స్ వేసుకోవచ్చు, రెండూ కనిపిస్తాయి. పిల్లలకి గరగరలాడని కోటు, చప్పుడు చెయ్యని బూట్లు. హాల్లో తినకూడదు, బయల్దేరేముందు కడుపునిండా పెట్టండి. దగ్గు బిళ్లల కాగితం ముందే విప్పి పెట్టుకోండి. కచేరీలో అన్నిటికంటే గట్టిగా వినపడేది అదే.

కచేరీ చూశాక వాయిద్యం కావాలంటోంది. కొనాలా?

కొనకండి, అద్దెకి తీసుకోండి. ఇక్కడ చాలా ఊళ్ల పబ్లిక్ స్కూళ్లలో నాలుగో తరగతి చుట్టుపక్కల బ్యాండ్, ఆర్కెస్ట్రా మొదలవుతాయి. వాయిద్యాలు నెలవారీ అద్దెకిచ్చే షాపులున్నాయి. వయొలిన్లు, చెల్లోలు సగం సైజు, ముప్పావు సైజుల్లో వస్తాయి. పిల్ల పెరిగినకొద్దీ మార్చుకోవచ్చు. వయొలినే తీసుకోమని పట్టుపట్టకండి. ఆమె బసూన్ అడిగితే, ట్రాంబోన్ అడిగితే అదే ఇప్పించండి. హాల్లో ఎవరిని చూస్తూ కూర్చుందో గుర్తు తెచ్చుకుంటే ఎందుకడిగిందో మీకే తెలుస్తుంది. వయొలిన్ పిల్లలు ప్రతి స్కూల్లోనూ బోలెడు మంది, బసూన్ వాయించేవాళ్ల కోసం మాత్రం యూత్ ఆర్కెస్ట్రాలు వెతుక్కుంటాయి.

మావాడికి అస్సలు నచ్చలేదు. మళ్లీ తీసుకెళ్లాలా?

వెంటనే వద్దు. ఏది నచ్చలేదో అడగండి. "చాలాసేపు ఉంది" అంటే ఈసారి గంట కచేరీకి వెళ్లండి. "ఏం కనపడలేదు" అంటే సీటు మార్చండి. "నిద్రొచ్చింది" అంటే మధ్యాహ్నం కచేరీ. ఏమీ చెప్పకపోతే ఆర్నెల్లు వదిలేసి, వాడి క్లాసులో వాయించే పిల్లలెవరైనా ఉంటే స్కూలు ఆర్కెస్ట్రా కచేరీకి తీసుకెళ్లండి. టికెట్ లేదు, ముప్పావుగంటలో అయిపోతుంది, స్టేజీ మీద వాడి ఫ్రెండ్ ఉంటాడు.